మాటకారితనం మన చదువుకు పరాయిదా?

విద్యార్థి మిత్రులకూ, కళాశాల పాలక సంఘంలోని పెద్దలకూ ముందుగా ఒక చిన్న సంఘటనను నివేదించి, ఆపైన నా అభిప్రాయాన్ని విన్నవించుకుంటాను.

గత వర్షాకాలంలో డిగ్రీ మొదటి సంవత్సరం విద్యార్థులను 'వర్షం' అన్న అంశంపై ఒక పుట వ్యాసం వ్రాయమన్నాను. నలభైకి పైగా వ్యాసాలు వచ్చినవి. వాటిలో చాలా భాగం ఒకే వాక్యంతో మొదలైనవి. ప్రకృతి మానవునకు ప్రసాదించిన వరాలలో వర్షం ముఖ్యమైనదని అందరూ ఒక్క గొంతుతో చెప్పినారు. ఆ వాక్యం ఏ గైడు నుండి వచ్చినదో వారికీ తెలుసు, నాకూ తెలుసు. వ్యాసాలలో అక్షర దోషాలు తక్కువే. అయితే ఏ ఒక్క వ్యాసంలోనూ ఎవరూ తడవలేదు.

ఆనాటి మధ్యాహ్నమే వాన కురిసినది. వరండాలో నిలబడిన విద్యార్థుల గుంపులో ఒక అబ్బాయి తమ ఇంటి కప్పును గూర్చి చెబుతున్నాడు. "మా ఇంట్లో వాన రెండుసార్లు పడుతుందిరా. బయట ఆగినాక లోపల మొదలవుతుంది. మా అమ్మ చుట్టాలకు పీటలు వేసినట్టు ఒక్కో చినుక్కీ ఒక్కో గిన్నె వేసి కూర్చోబెడుతుంది. చివరికి చుట్టాలు ఎక్కువై గిన్నెలు చాలక మా నాన్న తలమీద పళ్ళెం పెట్టుకొని కూర్చుంటాడు." అందరూ నవ్వినారు. చెప్పినవాడూ నవ్వినాడు. నేనూ నవ్వినాను. ఆ నవ్వు ఆగిన తరువాత, ఆ మాటలలోని పేదరికం మెల్లగా నా మనసులోకి కారడం మొదలుపెట్టినది.

అతని వ్యాసం వెదకి చూచినాను. అందులోనూ ప్రకృతి ప్రసాదించిన వరమే ఉన్నది! "నీవు ఇప్పుడు చెప్పినది ఎందుకు వ్రాయలేదు?" అని అడిగినాను. అతడు కొంత సిగ్గుపడి, "అది ఊరికే మాట్లాడేది సార్. ఇది తెలుగు గదా!" అన్నాడు.

ఈ సమాధానం నన్ను నేటికీ వదలలేదు. మాట్లాడేది వేరు, తెలుగు వేరు అని ఈ పిల్లవానికి ఎవరు నేర్పినారు? ఉర్దూ శాఖలోని మిత్రులను అడిగితే వారి అనుభవమూ ఇదేనన్నారు. ఇంట్లో మాట్లాడే దక్కనీ వేరు, పరీక్షలో వ్రాసే ఉర్దూ వేరు. మసీదు బయట చెప్పులు విడిచినట్లు మన విద్యార్థులు తరగతి బయట తమ మాటను విడిచి లోపలికి వస్తున్నారు. చెప్పులైతే తిరిగి వెళ్ళేటప్పుడు తొడుక్కుంటారు. మాటను మాత్రం మూడేళ్ళ తరువాత ఎవరూ వెదుక్కోవడం లేదు.

అలంకారం కవుల సొత్తు కాదు

ఉపమ, రూపకం, అతిశయోక్తి అన్నవి పద్యాలలో వెదకి, లక్షణం చెప్పి, సమన్వయించి మార్కులు తెచ్చుకోవలసిన వస్తువులని మన విద్యార్థుల నమ్మకం. ఉర్దూ విద్యార్థులకు తష్బీహ్, ఇస్తిఆరా అన్నవీ అటువంటివే. ఈ పేర్లు ఎన్నడూ వినని సామాన్యులు ఉదయం లేచినది మొదలు అలంకారాలతోనే జీవిస్తున్నారన్న సంగతి మనం పాఠంలో చెప్పడం లేదు.

తలుపుకు 'రెక్క' ఉన్నది. గడియారానికి 'ముల్లు' ఉన్నది. కుర్చీకి 'కాళ్ళు', సీసాకు 'మెడ' ఉన్నవి. ఇవన్నీ ఏనాడో ఎవరో చేసిన పోలికలే. వాడి వాడి అరిగిపోయినందువలన నేడు పోలికలుగా మనకు కనబడవు. మనిషిని గూర్చి మాట్లాడేటప్పుడు చెప్పనే అక్కరలేదు. ఒకనికి కడుపు మండుతుంది, ఒకనికి కళ్ళు నెత్తికెక్కుతాయి. అనుభవజ్ఞునికి తల పండుతుంది. నమ్మించి మోసగించినవాడు చెయ్యిస్తాడు. మౌఖిక పరీక్షలో జవాబు రాని విద్యార్థి నీళ్ళు నములుతాడు. నీళ్ళను నమలడమనే అసాధ్యమైన పని ఊహించి, దానిని జవాబు రాని నోటికి అన్వయించిన ఆ మొదటి మనిషి ఎవరో మనకు తెలియదు. అతని పేరు ఏ సాహిత్య చరిత్రలోనూ లేదు. కాని అతడు కవి కాడని ఎవరనగలరు?

'గంగలో పల్లె' అన్నప్పుడు నీటిలో ఇళ్ళుండవు గనుక ఒడ్డున ఉన్న పల్లె అని గ్రహించాలని మన ఆలంకారికులు లక్షణావృత్తికి ఉదాహరణ చెప్పినారు. "మా ఇల్లు బస్టాండులోనే" అని చెప్పే మన విద్యార్థి చేస్తున్నది అక్షరాలా అదే! గ్రీకు దేశపు అరిస్టాటిల్ తన కావ్యశాస్త్రంలో రూపకాన్ని ప్రయోగించే శక్తి ఒకరి నుండి మరొకరు నేర్చుకోగలిగినది కాదనీ, అది ప్రతిభకు గుర్తు అనీ భావించినాడు. 1980లో జార్జ్ లేకాఫ్, మార్క్ జాన్సన్ అనే అమెరికా పండితులు తమ గ్రంథంలో రూపకం భాషకు పెట్టిన నగ కాదనీ, మనిషి ఆలోచించే పద్ధతే చాలవరకు రూపకమయమనీ వాదించినారు. కాలాన్ని మనం 'ఖర్చు' చేస్తాం, 'ఆదా' చేస్తాం, 'వృథా' చేస్తాం. అనగా కాలాన్ని డబ్బుగా భావించి మాట్లాడుతున్నాం. అట్లు భావించడం వలననే నడవడిక కూడా అట్లే ఏర్పడుతున్నది.

రెండు భాషలు తెలిసిన మన విద్యార్థులకు ఈ విషయంలో ఒక అదృష్టం కలదు. చాలాకాలం కనబడని స్నేహితుని తెలుగులో 'నల్లపూసవై పోయావే' అంటాము. ఉర్దూలో 'ఈద్ కా చాంద్' అయ్యావంటాము. ఒకటి మెడలోని హారంలో ఒదిగిన చిన్న పూస. మరొకటి ఇంటిల్లిపాదీ మిద్దె ఎక్కి ఆకాశంలో వెదకే నెలవంక. భావం ఒకటే. దానిని కనుగొన్న కళ్ళు వేరు. పని చేతగానివాడు సాకు చెబితే తెలుగువాడు 'ఆడలేక మద్దెల ఓడు' అన్నాడు. ఉర్దూవాడు వాకిలి వంకర అన్నాడు. ఇంటివాని విలువ ఇంట్లో తెలియదనడానికి ఒకరు పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నారు. మరొకరు ఇంటి కోడి పప్పుతో సమానమన్నారు. ఈ జంటలను ప్రక్కప్రక్కన పెట్టి ఆలోచించడం ఏ అలంకార గ్రంథానికీ తీసిపోని పాఠం.

పదాలు కూడా ఇట్లే ప్రయాణం చేసినవి. 'పరేషాన్' అన్న మాటకు పారసీకంలో చెదరిపోయినది అని అర్థం. మనసు చెదరినవాడు పరేషాన్ అయినాడు. 'బందోబస్తు'లో ఉన్నది కట్టడమూ, బిగించడమూ. జవాబు, ఖర్చు, జేబు, తారీఖు, వకీలు అన్న మాటలు లేక తెలుగు రైతు కచేరి మెట్టు ఎక్కలేడు. ఆ మాటకు వస్తే 'రైతు' అన్న మాట కూడా అటు నుండి వచ్చినదే.

కథ చెప్పేవారు, ఊకొట్టేవారు

మా నానీ ఇంట్లో దక్కనీ, వీధిలో తెలుగు మాట్లాడేది. ఆమెకు చదువు లేదు. ఏరు పొంగి ఊళ్ళోకి నీళ్ళు వచ్చిన రాత్రి గూర్చి ఆమె చెప్పిన కథ నేను పదుల సార్లు విన్నాను. చిత్రమేమంటే అది ఎన్నడూ ఒకే కథ కాదు. మేము ఏటివైపు ఆటలకు పోతే ఆ కథలో నీటి వేగం పెరిగేది. కోడళ్ళు ధాన్యం నిర్లక్ష్యం చేస్తే అటక మీద దాచిన రెండు శేర్ల జొన్నలు కథలో ముందుకు వచ్చేవి. ప్రక్కింటివారితో ఎవరికైనా మాట పట్టింపు వస్తే, ఆ రాత్రి మిద్దె మీది నుండి "బూబమ్మా, పిల్లల్ని ఇటు అందించు" అని చేతులు చాచిన ప్రక్కింటి రామాయణం చదివే ముసలాయన కథకు నాయకుడయ్యేవాడు. ఆమె ఏనాడూ అబద్ధం చెప్పలేదు. ఎదుట ఉన్న మనిషికి ఆనాడు కావలసిన నిజాన్ని మాత్రం ముందుకు తెచ్చేది.

ఇది కళ కాదా? విలియం లబోవ్ అనే అమెరికా భాషాశాస్త్రవేత్త 1967లో జాషువా వాలెట్స్కీతో కలసి, సామాన్యులు తమకు జరిగిన సంఘటనలను చెప్పే పద్ధతిని పరిశీలించి, అందులో ఆరంభం, చిక్కు, ముగింపు అన్న కట్టుబాటు ఉన్నదనీ, 'ఇది ఎందుకు చెబుతున్నాను' అన్న సమర్థన కథ నడుమనే అల్లుకొని ఉంటుందనీ చూపించినాడు. న్యూయార్క్ నగరంలోని నల్లజాతి యువకుల ఇంటి భాష లోపభూయిష్టమన్న అపోహను అతడు తరువాతి రచనలలో గట్టిగా ఖండించినాడు. పాఠశాలలో మూగవానిగా కనబడిన పిల్లవాడు తనవారి మధ్య గొప్ప వక్త కావచ్చు. లోపం పిల్లవానిలో కాక, అతనిని మాట్లాడించిన పరిస్థితిలో ఉండవచ్చు.

మన భాషలో దీనికి 'ఊకొట్టడం' అనే చక్కని మాట ఉన్నది. వినేవాడు ఊకొట్టకపోతే చెప్పేవాని కథ ఆగిపోతుంది. తరగతిలో మనం విద్యార్థికి ఒక్కనాడైనా ఊకొట్టినామా? ఇది ఉపాధ్యాయులమైన మేము వేసుకోవలసిన ప్రశ్న.

నవ్వులో రెండు రకాలు

ఇక హాస్యం సంగతి. మా నానీ ఒకసారి బట్టల అంగడిలో చీర ధర విని, "నాయనా, నేను చీర ధర అడిగాను గాని నీ అంగడి ధర అడగలేదు" అన్నది. అంగడివాడు పకపకా నవ్వి ధర తగ్గించినాడు. అదే విషయాన్ని 'నీవు ఎక్కువ చెబుతున్నావు' అని నేరుగా అంటే గొడవ అయ్యేది. హాస్యం ఇద్దరి మర్యాదనూ కాపాడి పని జరిపించినది.

మీర్జా గాలిబు (1797-1869) జీవితాన్ని వ్రాసిన హాలీ తన 'యాద్గారే గాలిబ్' గ్రంథంలో ఒక ముచ్చట చెప్పినాడు. గాలిబుకు మామిడిపండ్లంటే ప్రాణం. ఆయన స్నేహితుడైన ఒక హకీముగారికి అవి గిట్టవు. ఒకనాడు ఇద్దరూ కూర్చొని ఉండగా దారిన పోతున్న గాడిద, పడి ఉన్న మామిడి తొక్కలను వాసన చూచి వదలిపోయినది. "చూచినారా, గాడిదలు కూడా తినవు!" అన్నాడు హకీము. "నిజమే, గాడిదలు తినవు" అన్నాడు గాలిబు. 'కూడా' అన్న ఒక్క మాటను తీసివేయడంతో వాదం తలక్రిందులైనది. వ్యాకరణ పాఠంలో అవ్యయాల శక్తిని గూర్చి ఇంతకంటె బాగా చెప్పగలమా?

అయితే ఆ పరిహాసం చెల్లినది వారిద్దరూ సమానులైన స్నేహితులు గనుక. ఇక్కడ నేను నా స్వానుభవాన్ని ఒకటి చెప్పక తప్పదు. ఎం.ఏ. చదివే రోజులలో ఒక సదస్సులో నేను పత్రం చదువుతుండగా నా ఉచ్చారణలో ఒక మాట దక్కనీ యాసతో పలికినది. వెనుక వరుసలో ఒకరు దానిని అనుకరించినారు. గది అంతా నవ్వినది. పెద్దలు కూడా చిరునవ్వు నవ్వినారు. ఎవరికీ దురుద్దేశం లేదని నేడు నాకు తెలుసు. అయినప్పటికీ ఆ తరువాత కొన్ని నెలలపాటు నేను తరగతిలో నోరు విప్పలేదు. ఆనాటి నుండి "మీరు సాయిబులైనా తెలుగు ఎంత బాగా మాట్లాడుతారండీ!" అన్న మెచ్చుకోలు విన్నప్పుడల్లా ఆ 'అయినా' అన్న మాట దగ్గర నా మనసు ఆగిపోతుంది. హకీముగారి 'కూడా' వలెనే అదీ చిన్న మాటే.

గోలకొండ ఇబ్రహీం కుతుబ్ షాను తెలుగు కవులు 'మల్కిభరాముడు' అని ఆత్మీయంగా పిలుచుకున్నారు. పొన్నగంటి తెలగనార్యుడు అచ్చతెలుగులో వ్రాసిన 'యయాతి చరిత్ర'ను అమీన్ ఖానుకు అంకితమిచ్చినాడు. పిఠాపురంలో ఉమర్ అలీషా (1885-1945) తెలుగులో కావ్యాలు వ్రాసినాడు. ఇంత చరిత్ర ఉన్నప్పటికీ తెలుగు మాట్లాడినందుకు ఆశ్చర్యపోవలసిన పరిస్థితి మనకు ఉండకూడదు.

అనగా నవ్వు రెండు రకాలు. ఒకటి వినేవారందరినీ ఒక చాప మీద కూర్చోబెట్టే నవ్వు. రెండవది ఒకరిని చాప మీది నుండి లేపివేసే నవ్వు. వాన రెండుసార్లు పడుతుందని చెప్పిన ఆ విద్యార్థి తన లేమిని తానే నవ్వుగా మలచి అందరికీ పంచినాడు. అదే మాట వేరొకడు అతని ఇంటిని గూర్చి అని ఉంటే అది అవమానమయ్యేది. ఈ వివేకాన్ని నేర్పడం సాహిత్య ఉపాధ్యాయుని విధులలో ఒకటని నేను దృఢంగా నమ్ముతున్నాను.

కొన్ని అభ్యంతరాలు

నా అభిప్రాయంతో ఏకీభవించనివారు ఉన్నారు. పరీక్షలలో మార్కులు కావాలి గాని ముచ్చట్లు కాదని వారు అంటారు. మార్కులు అక్కరలేదని నేను అనడం లేదు. మన విద్యార్థులలో చాలామంది తమ ఇంట్లో కళాశాల మెట్టు ఎక్కిన మొదటివారు. వారికి పట్టా అవసరం నాకు తెలుసు. అయితే కంఠస్థం చేసిన వాక్యం పరీక్ష గదిలో మాత్రమే పనిచేస్తుంది. ఉద్యోగపు ఇంటర్వ్యూలో, బ్యాంకు అధికారి ముందు, అత్తవారింట, పంచాయతీలో పనిచేసేది తన మాట. తన మాటలో ఆలోచించడం నేర్చినవానికి ప్రామాణిక భాష నేర్వడం కష్టం కాదు. ప్రామాణిక భాషను నేర్పవద్దని నేను అనడం లేదు. దానికి పునాదిగా ఉన్న ఇంటిమాటను పడగొట్టవద్దని మాత్రమే అంటున్నాను.

రెండవ అభ్యంతరం మరింత బలమైనది. సామెతలన్నీ మంచివి కావు. స్త్రీలనూ, కొన్ని కులాలనూ, మతాలనూ, అంగవైకల్యం గలవారినీ కించపరచే సామెతలు రెండు భాషలలోనూ కోకొల్లలు. పోలిక కూడా ప్రమాదమే. మనిషిని ఒకసారి పురుగుతో పోల్చినవానికి అతనిని నలిపివేయడం సులభమవుతుంది. ఈ అభ్యంతరాన్ని నేను పూర్తిగా అంగీకరిస్తున్నాను. కనుకనే ఈ విషయం తరగతిలోకి రావలెనంటున్నాను. ఇంట్లో విన్న సామెతను తరగతిలో నలుగురి ఎదుట పెట్టి ఇది ఎవరిని నవ్విస్తున్నది, ఎవరిని గాయపరుస్తున్నది అని విచారించే అవకాశం కళాశాలలో లేకపోతే మరెక్కడ ఉంటుంది?

మూడవది నేటి కాలానికి చెందినది. చేతిలోని ఫోనులో రోజూ వందల ఛలోక్తులు వస్తూ ఉండగా హాస్యానికి కొరత ఏమున్నదని విద్యార్థులే అడుగుతారు. అవి ఎవరో వండి పంపిన పొట్లాలు. ఎదుటి మనిషి ముఖం చూచి, సమయం చూచి, అప్పటికప్పుడు పుట్టే మాట వేరు. గైడులోని వ్యాసానికీ, ఫోనులోని ఛలోక్తికీ నాకు పెద్ద భేదం కనబడదు. రెండింటిలోనూ మనం లేము.

పాలక సంఘానికి మనవి

ప్రతి సంవత్సరం ఆగస్టు 29వ తేదీన గిడుగు రామమూర్తి పంతులుగారి జయంతిని తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాము. ఆ మహనీయుడు వాడుక భాష కొరకు జీవితాన్ని ధారపోసినాడు. ఆనాడు మనం జరిపే వక్తృత్వ పోటీలలో మాత్రం విద్యార్థులు ఎవరో వ్రాసి ఇచ్చిన గ్రాంథిక వాక్యాలను వల్లెవేసి బహుమతులు అందుకుంటున్నారు. ఇంతకంటె విచిత్రం ఉన్నదా? గురజాడవారి 'కన్యాశుల్కం' 1897లో తొలి రూపంలోనూ, 1909లో పెంచి వ్రాసిన రూపంలోనూ వెలువడినది. గిరీశం నోటి మాట లేకపోతే ఆ నాటకం లేదు. పాఠ్యగ్రంథంలో మాటకారిని మెచ్చుకొని, తరగతిలో మాటకారిని నిలబెట్టడం న్యాయం కాదు.

కనుక నేను మూడు చిన్న కోరికలు కోరుతున్నాను. మొదటిది, వక్తృత్వ పోటీలతో పాటు కాగితం లేకుండా తమ అనుభవాన్ని తమ ఇంటిమాటలో చెప్పే పోటీని తెలుగు, ఉర్దూ భాషలు రెండింటిలోనూ, రెండూ కలిసిన మాటలోనూ నిర్వహించాలి. రెండవది, ఈ వార్షిక సంచికలో నాలుగు పుటలు కేటాయించి, విద్యార్థులు తమ అమ్మమ్మ, నానమ్మ, నానీ, దాదీల నుండి సేకరించిన సామెతలను, పొడుపుకథలను, ముచ్చట్లను ఊరి పేరుతో సహా ప్రచురించాలి. కెప్టెన్ కార్ అనే ఆంగ్ల సైనికాధికారి మన సామెతలను సేకరించి 1868లోనే ప్రచురించినాడు. పరాయివానికి ఉన్న ఆసక్తి మనకు లేదనిపించుకోవద్దు. మూడవది, ఏ విద్యార్థి యాసనైనా, ఇంటిమాటనైనా తరగతిలో అనుకరించి పరిహసించడాన్ని క్రమశిక్షణకు సంబంధించిన విషయంగా పరిగణించాలి. నవ్వినందుకు శిక్ష వద్దు. ఒకరి నోరు మూయించినందుకు మందలింపు కావాలి. వీటిలో దేనికీ పెద్ద ఖర్చు లేదు.

విద్యార్థి మిత్రులారా! మీ ఇంట్లో ఈ రాత్రి భోజనాల దగ్గర ఎవరో ఒకరు ఒక పోలిక చెబుతారు, ఒక పాత సంగతి తలుచుకుంటారు, ఒక ఛలోక్తి విసురుతారు. ఫోను ప్రక్కన పెట్టి కాసేపు ఊకొట్టండి. మరునాడు దానిని మీ నోటుపుస్తకంలో వ్రాసుకోండి. చెప్పే పెద్దవాళ్ళు ఎల్లకాలం ఉండరు. మా నానీ కథను నేను ఒక్కసారైనా కాగితం మీద పెట్టలేదు. నేడు ఆ కథలో నాకు నీటి వేగం గుర్తున్నది, జొన్నలు గుర్తున్నవి. ఆమె ఏ మాటతో మొదలుపెట్టేదో మాత్రం ఎంత ప్రయత్నించినా గుర్తు రావడం లేదు.

వచ్చే వర్షాకాలంలో మళ్ళీ అదే అంశం ఇవ్వాలని నిశ్చయించుకున్నాను. ఒక్క వ్యాసంలోనైనా ఎవరింటి కప్పో కారితే ఈ వ్యాసం వ్రాసిన నా శ్రమ ఫలించినట్లే భావిస్తాను.